సందు లేని బస్సు ఇల్లు

మొన్న పొద్దుటి నడకకు గోదావరి ఒడ్డుకు పోతే, వంతెన పక్కన ఇల్లులాంటి వ్యాను ఒకటి ఆగి ఉంది. అందులో ఊళ్ళు తిరుగుతున్న ఓ కొత్త జంట నన్ను లోపలికి పిలిచి మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ చూపించారు. ఒక్కొక్క చెక్కా తన చేత్తోనే బిగించుకున్నానని ఆ అబ్బాయి చెబుతుంటే సంబరం ముఖం మీదే కనబడుతోంది. నేను మాత్రం పైకప్పు వంకే చూస్తూ, గాలి పోయే దారి ఎక్కడుంది నాయనా అని అడిగాను. అతను నవ్వి కప్పులో తిరుగుతున్న చిన్న ఫ్యాను చూపించాక గాని నా ప్రాణం కుదుటపడలేదు. ఎందుకలా అడిగానో బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేసిన నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

అరవైల చివర మేము గోదావరిఖనికి వచ్చిన కొత్తలో క్వార్టరు దొరకడమంటే మాటలు కాదు. అమ్మ, నేను, అప్పుడే కాపురానికొచ్చిన నా భార్య, ముగ్గురం. కూలీలను తోలి తోలి ముసలిదైపోయిన బస్సు నుంచి ఇంజను పీకేసుకుని, గుడిసెల వరుస చివర దాన్ని వదిలేసి పోతున్న ఓ కాంట్రాక్టరును అడిగి, మా అక్క మొగుడు, అంటే మా బావ, దాన్ని మాకు ఇప్పించాడు. ఆ వరుసలోనే అక్కావాళ్ళ గుడిసె కూడా ఉండేది. రోడ్డు పడుతుందని రెండుసార్లు బస్సును జరపమంటే ట్రాక్టరుకు కట్టి లాగించాము. రెండుసార్లూ అమ్మ దిగనని మొండికేసి, కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్ళకు చెయ్యి ఊపుతూనే ఉంది.

బస్సుకు ఎన్ని బొక్కలో లెక్క లేదు. కానీ బొక్కలు మూయడమే కదా నా ఉద్యోగం! బాయిలో బొగ్గు తీయడం అయిపోయిన చోటికి ఇటుక గోడ కట్టి, లోపలి చెడుగాలి ఇవతలికి రాకుండా సందుసందుకూ పూత పూసే పని మాది. గోడకు చెవి ఆనిస్తే గాలి కూత వినబడకూడదు, వినబడిందంటే పని చెడినట్టే. ఆ నేర్పంతా తెచ్చి బస్సు మీద పెట్టాను. కప్పుకు తారు పోసి, దాని మీద గోనెపట్టా పరిచి, మళ్ళీ తారు పోశాను. బొగ్గు మోసి అరిగిపోయిన బెల్టు ముక్కలు నేలకు వేశాను. కిటికీలకు రేకు కొట్టి, తలుపు చుట్టూ లారీ ట్యూబు కోసి అంటించాను. చివరికి అగరొత్తి వెలిగించి మూలమూలకూ పట్టి చూస్తే, పొగ ఎక్కడా వంగకుండా నిటారుగా లేచింది. అబ్బ, ఏం గర్వపడ్డాను ఆ రోజు! అమ్మైతే గుడిసెగుడిసెకూ పోయి, "నా కొడుకు డబ్బా లెక్క జేసిండు, సుక్క నీళ్ళు దిగయి" అని చాటింది. బావ మాత్రం, "గిది ఇల్లా, బాయి గోడనా బామ్మర్ది?" అని ఎగతాళి చేశాడు.

ఆ వానాకాలం ముసురు పట్టింది. మనందరి ఇళ్ళలోనూ ఉన్న పద్ధతే: కుంపట్లో బొగ్గు రాజేసి, పొగ పోయేదాకా బయట ఉంచి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకోవడం. పొగ పోతే ఇక భయం లేదనుకునేవాళ్ళం. పొగ లేకపోయినా నిప్పుల్లోంచి వాసన లేని విషగాలి వస్తుందని, పెంకుటింట్లో, తడికల గుడిసెలో వెయ్యి సందులుండబట్టి బతికామని అప్పుడెవరికి తెలుసు? కీళ్ళ నొప్పులతో వణుకుతున్న అమ్మ పక్కన నా భార్య కుంపటి పెట్టి, ఈదురుగాలి కొట్టకుండా తలుపు వేసి, నల్లా దగ్గరికి నీళ్ళకు పోయింది.

నేను పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి తలుపు తీస్తే లోపల వెచ్చగా, హాయిగా ఉంది. అమ్మ ముడుచుకుని పడుకుని ఉంది, ముఖం ఎర్రగా, నిండుగా ఉంది. ఒళ్ళు కాగి చాలా రోజులకు సుఖంగా నిద్రపోతోందనుకున్నాను. చలిగాలికి లేస్తుందేమోనని తలుపు మళ్ళీ బిగించి, చప్పుడు కాకుండా కాళ్ళు తుడుచుకుంటూ పీట మీద కూర్చున్నాను. తల దిమ్మెక్కితే షిఫ్టు అలసట అనుకున్నాను. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఏదో పని మీద వచ్చిన బావ తలుపు లాగి, కుంపటినీ మమ్మల్నీ చూసి, "నీ పాడుగాను, గాలి చెడ్డదిరా, జల్ది బయటికి గుంజు!" అని కేక పెట్టాడు. బాయిలో దీపం పట్టి గాలి చూసే పని ఆయనది. ఇద్దరం అమ్మను వానలోకి మోసుకొచ్చాము, అక్కడినుంచి దవాఖానకు. అమ్మ దక్కలేదు. ప్రాణం ఎప్పుడు పోయిందో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అమ్మను మోసుకుపోతున్నప్పుడే బిందెతో ఎదురొచ్చిన నా భార్య, "కుంపటి నేనే పెట్టిన" అంటూ బురదలో కూలబడింది. ఆ మాట పట్టుకుని అక్క ఆమెతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. తప్పు నాది, సందులు మూసింది నేను అని అందరికీ చెప్పేవాణ్ణి. అది నిజమే గాని సగం నిజం. తెరిచిన తలుపును మళ్ళీ బిగించానన్న మాట నా నోట రాలేదు. మూసిన తలుపు వెనక నేను కూర్చుని ఉండటం చూసిన బావ, ఆ సంగతి నాతో ఎత్తకుండానే, అక్కకు చెప్పకుండానే కన్నుమూశాడు.

ఇప్పుడు కాలనీల్లో కుంపటి చూద్దామన్నా లేదు. పొద్దున్నే ఇళ్ళ మీద నిలబడే ఆ బొగ్గుపొగ, తెల్ల అంగీల మీద పడే ఆ మసి, ఆ వాసన, అన్నీ పోయాయి. గుడిసెల వరుస ఉన్నచోట గనుల్లోంచి తవ్విపోసిన మట్టిగుట్టలు లేచాయి. అక్క కూడా పోయాక అమ్మ మాట ఎత్తేవాళ్ళం నేనూ, నా భార్యా ఇద్దరమే మిగిలాము. నిరుడు దవాఖాన మంచం మీద ఆమె నా చెయ్యి పట్టుకుని, "అత్త నన్ను మాఫ్ చేసిందంటవా?" అని అడిగింది. చేసింది, ఎప్పుడో చేసింది అన్నాను. కళ్ళు మూసుకుని, ఇంకేమైనా అంటానేమోనని ఎదురుచూసింది. తలుపు బిగించిన మాట మింగేసి, లేచి ఆ గది కిటికీ తెరిచాను.