పసిబట్ట కొలత

“...పాలు తాగే పిల్ల గౌనును పెద్దపిల్లల బట్టగా రాస్తే ఎలాగండీ? దానికేసే ఎక్కువ పన్ను కడితే నా షాపు మూతే!” అంది ఆ గౌన్లు దిగుమతి చేసుకున్నావిడ. “ఎనభయ్యారు సెంటీమీటర్లు దాటితే పసిబట్ట కాదమ్మా. ఇది తొంభై. టేపు అబద్ధమాడదు,” అన్నాడు కస్టమ్స్ అధికారి. మెడలో దర్జీలా టేపు వేసుకుని, ప్రతి బట్టనూ అరచేత్తో సాపుచేసి రెండేసిసార్లు కొలిచే ఆయన, ముప్పై ఏళ్లలో తను రాసింది కొట్టేసి ఎరగడు.

“ఎనభయ్యారనేది పిల్ల ఎత్తుకండీ, గౌను పొడుగుకి కాదు! ఫొటోలకని కుట్టిందిది, పాదాలు దాటి మూరెడు వేలాడుతుంది. మీ ఇంట్లో ఎప్పుడూ పసిపిల్లల్ని ఎత్తుకోలేదా బాబాయిగారూ?” ఎత్తుకోలేదు. ఆయన నిబంధనల పుస్తకం తెరిచి, ‘పిల్ల ఎత్తు’ అని ఉన్న వాక్యం వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. మెడలోని టేపు తీసి చుట్టి బల్ల మీద పెట్టాడు. “ఇవి పసిబట్టలేనమ్మా. నిన్న ఇలాగే రాసిన డెబ్బై పెట్టెల కాగితాలూ తెప్పిస్తున్నాను. తప్పు నాదని రాస్తాను.”