బ్రేక్ ఆయిలూ ప్రభువు బల్లా

మా వదిన సుచిత్ర అవనిగడ్డ హైస్కూల్లో సోషల్ టీచరు. కారు నడపడం రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. అయినా ఇవాళ దివిసీమలో ఎవరైనా కారు సర్వీసింగుకి ఇవ్వాలంటే ముందు ఆవిడని కలిసి, తర్వాతే బందరు రోడ్డెక్కుతారు. అదేదో సమాజసేవ అనుకునేరు. కాదు, పగ. అచ్చమైన, చల్లారని పగ. నేను ఆవిడ ఆడపడుచుని, పేరు ప్రేమ, ఉండేది గుడివాడలో, ఆదివారం ఆరాధనకి మాత్రం అవనిగడ్డే వస్తాను. ఆ పగని మొదటినుంచీ చూసినదాన్ని, చల్లారుతుందేమోనని భయం వేసినప్పుడల్లా ఎగదోసినదాన్ని కూడా.

మా అన్నయ్య డేవిడ్ రాజు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా, మా చర్చి సంఘంలో పెద్ద. నెల మొదటి ఆదివారం మా గుళ్ళో ప్రభువు బల్ల, అంటే యేసు చివరి విందు గుర్తుగా రొట్టె పంచుకోవడం, ఉంటుంది. ఆ రోజు రొట్టె ముక్కల పళ్ళెం పట్టుకుని బెంచీ బెంచీకి తిరిగేది అన్నయ్యే. మా నాన్న పోయాక ఆ పళ్ళెం ఆయన చేతికొచ్చింది. ప్రమోషన్ రాలేదని ఏనాడూ బాధపడని మనిషి, ఆ ఆదివారం మాత్రం చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు. వదిన చేస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు.

కారు కొన్నది బందరులో. సర్వీసింగ్ కూడా ఆ షోరూమ్‌లోనే. గాజు తలుపులు, ఏసీ, కాఫీ, పొట్టి టై కట్టుకున్న పిల్లలు. అన్నయ్యకి అవన్నీ చూస్తే నమ్మకం. వాళ్ళు చెప్పినదానికల్లా తలూపేవాడు. ఇంజిన్ ఫ్లష్ అంటే సరే, ఏసీ స్ప్రే అంటే సరే, లోపల సీట్లకి పాలిష్ అంటే అదీ సరే. బిల్లు మీద బ్రేక్ ఆయిల్ మార్చినట్టు కూడా ఉంది. ఆ వారంలోనే మోపిదేవి దాటాక మలుపులో బ్రేక్ నొక్కితే పెడల్ నేలకంటింది. కారు కాలవలోకి దిగింది. అన్నయ్య కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

కారుని షోరూమ్ వాళ్ళే లాక్కెళ్ళారు. వాళ్ళే విప్పారు, వాళ్ళే బిగించారు. మేం చూసే లోపలే బ్రేకులకి సంబంధించినవన్నీ కొత్తవైపోయాయి. ఇక రుజువెక్కడిది? అన్నయ్యని ఆస్పత్రిలో నాకు అప్పగించి వదిన బందరు వెళ్ళింది. సర్వీస్ మేనేజర్ శ్యామ్ సుందర్‌ని నిలదీసింది. షోరూమ్ నిండా జనం. అతను వెనక్కి తగ్గకుండా, అందరికీ వినపడేలా అన్నాడు.

"మేడం, మా బ్రేకుల సంగతి తర్వాత. సార్ ఆ రోజు ఏం తాగి నడిపారో ముందు అది కనుక్కోండి."

మా అన్నయ్య! దగ్గు మందులో కూడా మత్తు ఉంటుందేమోనని చీటీ చదివి తాగే మనిషి!

అప్పుడు ఆ సోఫాలో జీవానందం కూర్చుని ఉన్నాడు. మా సంఘం మనిషే, చిలకలపూడిలో గిల్టు నగలు చేయిస్తాడు. వదిన బస్సెక్కి అవనిగడ్డ చేరేలోపు ఆ మాట ఫోన్లో చేరిపోయింది. మిగతా తప్పులకి మా సంఘంలో మందలింపుతో సరిపెడతారు కానీ తాగుడు దగ్గర మాత్రం పట్టు వదలరు. ఒకప్పుడు పల్లెలో సారా ఇళ్ళు కూల్చిన వాళ్ళు కట్టుకున్న సంఘం అది. పాస్టర్ జకరయ్య గారు ఇంటికొచ్చి, అన్నయ్య కట్టు మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, లేచేటప్పుడు నసిగారు.

"విషయం తేలేదాకా బల్లకి దూరంగా ఉండు రాజూ. నేను నమ్మానని కాదు. జనం నోరు..."

ఎవరు తేలుస్తారు? ఎలా తేలుతుంది? ఎవరూ చెప్పలేదు. కట్టు విప్పాక అన్నయ్య కుంటుకుంటూ గుడికొచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు. పళ్ళెం వేరే వాళ్ళ చేతిలో తిరిగేది. ఆయన దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి చూపు తిప్పుకుని పక్కవాళ్ళకి అందించేవాడు. అన్నయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ శ్యామ్ సుందర్ నాశనమైపోవాలని గుళ్ళోనే కూర్చుని కోరుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

వదిన ఏడవలేదు. కారుతో ఇచ్చిన పుస్తకం తీసింది. కొన్నవాళ్ళెవరూ తెరవని లావుపాటి పుస్తకం. బైబిల్ చదివినట్టే ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదివింది. ఏ పని ఎన్ని కిలోమీటర్లకి, ఏది చెయ్యకపోతే ప్రమాదం, ఏది చెయ్యకపోతే వారంటీ పోతుంది, అన్నీ గీతలు గీసుకుంది. తర్వాత షోరూమ్ వాళ్ళ రేట్ల కాగితం పక్కన పెట్టుకుంది. అందులో సగం పనుల పేర్లు పుస్తకంలో ఎక్కడా లేవు.

"కంపెనీ వాడే అడగని పని వీడెందుకు చేస్తున్నాడు ప్రేమా?" అంది. ఆ రోజు ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. భయం వేసింది, సంతోషమూ వేసింది.

మొదట సంఘంలో వాళ్ళకే చెప్పింది. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట నిలబడి అడిగేది, "మీ బండి సర్వీసింగ్ ఎప్పుడండీ?" అని. ఆస్పత్రిలో నర్సు శ్రీదుర్గ తన కారుకి షోరూమ్ వాళ్ళు చెప్పినవన్నీ ఫోన్లో చూపించింది. వదిన ఒక్కోటీ చదివింది.

"ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు, ఇవి చేయించుకో. నీ బండి ఇంకా వారంటీలో ఉంది, కాబట్టి షోరూమ్‌లోనే చేయించుకుంటే రేపు పేచీ ఉండదు. బ్రేక్ ఆయిల్ దగ్గర మాత్రం పక్కనే నిలబడు. పాతది తీసి చూపించమను. డీకార్బనైజింగ్, అదే ఇంజిన్‌లో మసి కడగడం, అది వద్దను. ఏసీ స్ప్రే వద్దను. పాలిష్ నీ మొగుడు ఆదివారం గుడ్డతో చేస్తాడు."

"వద్దంటే వారంటీ పోతుందంటారేమోనండీ."

"ఎక్కడ రాసి ఉందో చూపించమను. చూపించలేరు."

అలా పాకింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపల వ్యాపారి వెంకటపతి గారు వచ్చారు. కారు కింద వేసే కోటింగ్ కూడా దండగేనా అని అడిగారు. అది దండగ కాదంది వదిన. ఉప్పుగాలి కొట్టే చోట బండి పెట్టుకునేవాళ్ళకి అది కావాలి, కానీ షోరూమ్‌లోనే వేయించుకోవాలని లేదు, బయట మంచిచోట వేయించుకోమంది. వారంటీ దాటిన బండికి ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, బెల్టులు అవనిగడ్డలో మెకానిక్ మత్తయి షెడ్డుకి పంపేది. మత్తయి సంబరపడి అన్ని బండ్లూ తనకే పంపమన్నాడు. ఎయిర్‌బ్యాగు లైటు వెలిగిన బండి జోలికి మాత్రం వెళ్ళొద్దని వదిన అతనికి గట్టిగా చెప్పింది. కంపెనీ వాళ్ళు పిలిచి ఉచితంగా మార్చే భాగాలుంటే వెంటనే షోరూమ్‌కే వెళ్ళమనేది.

"ఏసీలో కూర్చుని వాళ్ళ కాఫీ కూడా తాగి రండి. రెండు కప్పులు అడగండి" అనేది.

నాకది నచ్చలేదు. "అసలు ఎవర్నీ వెళ్ళొద్దని చెప్పెయ్ వదినా. ఆ షోరూమ్‌కి తాళం పడాలి" అన్నాను.

"అబద్ధం చెప్తే నన్ను నమ్మడం మానేస్తారు. అప్పుడు వాడు బతికిపోతాడు. ఒక్క నిజమే వాణ్ణి చంపగలిగేది."

ఆవిడ అంత నెమ్మదిగా అనేసరికి నా కోపం నాకే చిన్నపిల్లల కోపంలా అనిపించింది.

దివిసీమ దాటి చల్లపల్లి, పామిడిముక్కల దాకా వెళ్ళింది మాట. బందరు షోరూమ్‌లో బండి దిగిన ప్రతివాడూ కౌంటర్ దగ్గర ఒకటే పాట. ఇది చెయ్యండి, అది వద్దు, బ్రేక్ ఆయిల్ నా ఎదురుగా. ఎవరు చెప్పారంటే అవనిగడ్డ టీచర్ గారు. శ్యామ్ సుందర్ జీతం కన్నా ఎక్కువ సంపాదించేది ఆ పనికిరాని ప్యాకేజీల మీదేనట. అవి ఆగిపోయాయి. పైవాళ్ళు అతన్ని శ్రీకాకుళం వైపు ఎక్కడికో బదిలీ చేస్తామన్నారని విన్నప్పుడు నేను గుడివాడలో అందరికీ స్వీట్లు పంచాలనుకున్నాను.

ఒక సాయంత్రం అతనే వచ్చాడు, అవనిగడ్డకి, ఇంటికి. నేనూ అక్కడే ఉన్నాను. టై లేదు. అన్నయ్య లోపల గదిలో ఉన్నాడు. వదిన కుర్చీ చూపించలేదు.

"మేడం, మీ కారుకి జీవితాంతం సర్వీసింగ్ మేం ఉచితంగా చేస్తాం. నా మీద దయ ఉంచండి. అమ్మకి ఒంట్లో బాగాలేదు, బందరు వదిలి వెళ్ళలేను."

"నువ్వూ విశ్వాసుల ఇంటి పిల్లాడివేనట కదా. బల్ల తీసుకుంటావా?"

ఎందుకడిగిందో అతనికి అర్థం కాలేదు. తీసుకుంటానన్నాడు.

"మా ఆయన తీసుకోవడం లేదు. నీ మాట వల్ల." అంది వదిన. "కేసు వెయ్యను. డబ్బు అడగను. వచ్చే మొదటి ఆదివారం మా గుడికి రా. సాక్ష్యాల వేళ లేచి, జరిగింది జరిగినట్టు చెప్పు. ఆ తర్వాత నీ ప్యాకేజీల గురించి నేనుగా ఎవరికీ చెప్పను, వచ్చి అడిగినవాళ్ళకి మాత్రం అబద్ధం చెప్పను."

వచ్చాడు. జీవానందం పక్కనే చోటు దొరికింది అతనికి. సాక్ష్యాల వేళ లేచి చేతులు కట్టుకుని, ఏదో పొరపాటు జరిగిందని, తన వల్ల ఒక సహోదరుడికి ఇబ్బంది కలిగిందని గొణిగాడు. జకరయ్య గారు ఆమెన్ అనబోయారు.

ఆడవాళ్ళ వైపు నుంచి వదిన లేచింది.

"చివరి బెంచీకి వినపడలేదండీ. గట్టిగా చెప్పమనండి. ఏ పొరపాటో, ఎవరికో."

గుడి మొత్తం అతని వైపు తిరిగింది. చెమట పట్టిన మొహంతో అతను చెప్పాడు. బ్రేక్ ఆయిల్ మార్చలేదు. మార్చినట్టు రాశారు. పైపు కారుతోందని కుర్రాళ్ళు చెప్పినా బండి త్వరగా ఇచ్చెయ్యాలని వదిలేశారు. డేవిడ్ రాజు గారు తాగారన్న మాట తన కల్పన. ఆ వేళ నోటికొచ్చింది అనేశాడు. చెప్పి అక్కడే ఏడ్చాడు. నేను అతని ఏడుపుని చివరిదాకా చూశాను. హాయిగా ఉంది. జీవానందం తల పైకెత్తలేదు. అదీ హాయిగానే ఉంది.

జకరయ్య గారు బల్ల దగ్గరికి వెళ్ళి దాని మీది గుడ్డ తీశారు. తర్వాత అన్నయ్యని పేరు పెట్టి పిలిచారు. అన్నయ్య చివరి బెంచీ నుంచి కుంటుకుంటూ వచ్చాడు. ఎవరో చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. పాస్టరు గారు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పారు, మనసులో ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్ళు దాన్ని వదిలి చెయ్యి చాపండి, వదల్లేకపోతే ఈసారికి ఆగండి అని. పళ్ళెం అన్నయ్య చేతిలో పెట్టారు.

అన్నయ్య తిన్నగా శ్యామ్ సుందర్ దగ్గరికే వెళ్ళాడు. అందరికన్నా ముందు అతనికి పట్టాడు పళ్ళెం. అతను రొట్టె ముక్క తీసుకుంటుంటే భుజం మీద చెయ్యి వేశాడు. అలా అన్ని బెంచీలూ తిరిగి మా వైపు వచ్చాడు. ఆయన మొహం అంత వెలుగుతో నేను ఎప్పుడూ చూడలేదు. వదిన దగ్గర ఆగాడు.

వదిన చెయ్యి చాపలేదు.

"తీసుకో సుచిత్రా" అన్నాడు అన్నయ్య మెల్లగా. "అయిపోయింది కదా."

"మీకు అయిపోయిందండీ" అంది వదిన. "నాకు కాలేదు. అయిందని అబద్ధం చెప్పి తీసుకోలేను."

పళ్ళెం అంచు పట్టుకుని, గౌరవంగానే, నా వైపు జరిపింది. అన్నయ్య కదల్లేదు. వదిన ఆయన మొహంలోకి చూస్తూ, "వెళ్ళండి, వెనక వాళ్ళు ఎదురు చూస్తున్నారు" అంది.