తడి చీర తరుగు

గిలకలదిండి హార్బరులో నేను చేపలు తూచే కాటా దగ్గర పనిచేసే రోజుల్లో, వేలం ముగిశాక ఒక అత్త వచ్చి తనూ కాటా ఎక్కేది. చేపలమ్ముకునే మనిషి. పది కిలోలు తగ్గితేనే మోకాలికి ఆపరేషన్ చేస్తానని డాక్టరుగారు చెప్పారట. ఎక్కగానే కళ్ళు గట్టిగా మూసుకునేది.

“ఎంతరా అల్లుడూ?”

చెబితే ఒప్పుకునేది కాదు. “చీర తడిసిపోయుందిరా, తరుగు తియ్యి” అనేది. చేపల బుట్టకి నీళ్ళ బరువు కింద తీసే తరుగు తనకీ కావాలన్నమాట. నేను నవ్వుకుంటూ అరకిలో తీసేసేవాణ్ణి.

అలా ఆరు కిలోలు తగ్గింది. తర్వాత గుడివాడలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళొచ్చి, వారం పాటు కాటా వైపే రాలేదు. ఇక మానేసిందేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఎనిమిదో రోజు వచ్చి ఎక్కింది. మూడు కిలోలు పెరిగింది.

“ఇవాళ చీర బాగా తడిసిందత్తా, మూడు కిలోలు తరుగు తీసేస్తున్నా” అన్నాను.

అత్త కళ్ళు తెరిచి, ఎర్రగా వెలుగుతున్న అంకెలు తనే చూసుకుంది.

“వద్దురా. డాక్టరుగారి కాటాకి తరుగుండదు.”

మర్నాడు పొడి చీర కట్టుకుని వచ్చింది. కళ్ళు మాత్రం మూసుకునే ఎక్కింది.