కానాగంతలు ఉప్పేసిన రోజులు

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆవిడ ఒక మెసేజ్ పెట్టింది. ఎవరో ఎండుచేపలు కాలుస్తున్నారట, దయచేసి కిటికీలు మూసుకుని కాల్చుకోవాలట. కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి. ఆ ఎవరో నేనే. కూర్మన్నపాలెంలో ఫ్లాటు కొనుక్కుని వచ్చి ఇన్నేళ్లయినా, వాన పట్టినరోజు ఒక ఎండు కానాగంతని పెనం మీద కాల్చి గంజన్నంలో నంజుకోకపోతే నాకు వాన కురిసినట్టే ఉండదు. మా ఆయన మెసేజ్ చదివి, కిటికీ మూయడానికని లేచి, ఏమనుకున్నారో ఏమో రెండో కిటికీ కూడా తెరిచి వచ్చి కూర్చున్నారు. స్టీలు ప్లాంటు సేఫ్టీ విభాగంలో రిటైరైన మనిషి, గాలి ఆడాలంటారు. నవ్వొచ్చింది కానీ, ఆ ఉప్పు కాలే వాసనకి మా అత్తగారి వాకిలి కళ్ల ముందు కదిలి, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మా అత్తవారి ఇల్లు ఫిషింగ్ హార్బరు పక్క కాలనీలో ఉండేది. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి మా ఆయన. మరిది మాత్రం మేనమామ బోటులో కళాసీగా వేటకి వెళ్లేవాడు. ఆ మేనమామ, అంటే మా అత్తగారి ఒక్కగానొక్క తమ్ముడు, బోటుకి సరంగు. నడిపేదీ ఆయనే, కుర్రాళ్లని తిట్టేదీ ఆయనే, తిట్టినవాళ్లకి ముందుగా అన్నం పెట్టేదీ ఆయనే. నేనేమో మద్దిలపాలెం బస్సు డిపో వెనక సందులో పెరిగినదాన్ని. మా పుట్టింట్లో చేపంటే సంచీలో ముక్కలై వచ్చేదే తప్ప, దానికి తలా తోకా ఉంటాయని నాకు పెళ్లయ్యాకే తెలిసిందని మరిది ఏడిపించేవాడు. "వొదినా, ఇది కన్ను, బయపడకు, సూడదు" అని గంపలోంచి చేప తీసి నా మొహం మీద పెట్టేవాడు. ఇంట్లో ఎప్పుడూ నోరు మూయని మనిషి వాడొక్కడే.

ఆ ఏడు తుపాను హెచ్చరిక రాగానే బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి, మరిదీ మేనమామా వెళ్లిన బోటు తప్ప. గాలి వచ్చి పోయింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, ఐసు ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. ఒడ్డుకి చేరిన చేపని అడిగే నాథుడు లేడు. కాలనీ ఆడవాళ్లంతా జెట్టీ మీద నిలబడి సముద్రాన్ని చూస్తుంటే, మా అత్తగారు మాత్రం గంపల కొద్దీ కానాగంతలు ఆటోలో వేయించుకొచ్చి వాకిట్లో కుమ్మరించారు.

"రావే, కూకో. కుళ్లిపోకముందే ఉప్పులో ఎయ్యాల."

కన్నకొడుకూ తోడబుట్టినవాడూ ఏమయ్యారో తెలియని పూట ఈవిడకి చేపలు కావలసివచ్చాయా అని నాకు ఒళ్లు మండింది. అయినా కూర్చున్నాను. ఆవిడ చేపని వీపు వెంట కత్తితో చీల్చి, పేగులు లాగేసి, పరిచి నా ముందుకి తోసేవారు. నేను కల్లుప్పు రాసి తొట్టెలో వరసగా పేర్చాలి. చూడటానికి ఇంతే. కానీ నేను ఆగితే నా ముందు గుట్ట పెరుగుతుంది, ఆవిడ ఆగితే నా చేతులు ఖాళీ అవుతాయి. ఇద్దరిలో ఎవరికీ తల ఎత్తే వీల్లేదు. సందులో అడుగుల చప్పుడైతే చెవులు అటే పోయేవి, అడుగులు దాటిపోయేవి, చేయి మాత్రం ఇంకో చేపని అందుకునేది. నడుం విరిగిపోయింది, వేళ్లు పొక్కాయి. ఆ నొప్పి నాకు హాయిగా ఉంది, నిజం చెబుతున్నాను. లోపల ఏం చేయాలో తెలియని భయానికి చేయడానికంటూ ఒక పని దొరికింది. ఆవిడ జెట్టీకి ఎందుకు వెళ్లలేదో అప్పుడు అర్థమై కోపం పోయింది.

మర్నాడు కబురొచ్చింది. బోటు ఒడిశా తీరానికి కొట్టుకుపోయింది. అందరూ బతికారు, సరంగు తప్ప.

మా అత్తగారు గుండెలు బాదుకుని ఏడ్చారు. ఆ ఏడుపు నేను రాయలేను. ఆ తర్వాత మరిది లారీలో వచ్చాడు. వచ్చి గోడకి చేరగిలబడ్డాడు. మాట లేదు, అన్నం ముట్టడు, అమ్మ మొహం చూడడు.

ఆ కాలనీ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. గండం గడిచి వచ్చినవాణ్ని సముద్రం సంగతి ఎవరూ అడగరు. వాడంతట వాడు చెప్పేదాకా ఆగుతారు. మా ఆయనకి ఆ సంగతి తెలియక కాదు. కానీ ప్లాంటులో ప్రమాదం జరిగితే ముందు విచారణే కదా, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? తమ్ముడి ముందు కూర్చుని, ఏ వేళప్పుడు జరిగింది, నువ్వెక్కడ ఉన్నావు, మావయ్యకి దగ్గరలో ఎవరున్నారు అని మెల్లగా, ప్రేమగానే, ఒకటొకటిగా అడిగారు. చివరి ప్రశ్నకి వాడు గోడవైపు తిరిగిపోయాడు.

"ఇది నీ ప్లాంటు కాదురా, నోర్ముయ్యి" అన్నారు అత్తగారు.

మర్నాడు పొద్దున్న వాడు ఎవరికీ చెప్పకుండా జెట్టీ చివర అంచున నిలబడితే, పక్కింటివాళ్లు రెక్క పట్టుకుని తీసుకొచ్చారు. ఒకణ్ని సముద్రం తీసుకుంది, రెండోవాణ్ని మా కళ్లముందే తీసుకుంటుందని భయం. మా ఆయన గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకున్నారు.

మధ్యాహ్నం అత్తగారు ఆ పొద్దున తెప్పల మీద వచ్చిన తాజా చేపల గంప ఒకటి ఈడ్చుకొచ్చి వాడి ముందు పెట్టారు. "నాను కోత్తాను, నువ్వు ఉప్పెయ్యి" అన్నారు. వాడు కదల్లేదు. ఆవిడ కోసి తోశారు. ఇంకోటి కోసి తోశారు. వాడి కాళ్ల ముందు గుట్ట పెరుగుతోంది. నేను అందుకోబోతే కళ్లతోనే వద్దన్నారు. చాలాసేపటికి వాడి చెయ్యి లేచి, ఉప్పు తట్టలోకి వెళ్లింది. రెండో చెయ్యీ వెళ్లింది. మరి బయటికి రాలేదు. మణికట్ల దాకా ఉప్పులో ముంచి అలాగే ఉంచేశాడు, కళ్లంట ధారగా నీళ్లు.

అత్తగారు కత్తి వదిలేసి ఆ చేతులు లాగి తిప్పారు. అరచేతుల్లో చర్మం లేదు. అందరం వాడి మొహమే చూస్తూ కూర్చున్నాం, చేతులు ఎవరమూ చూడలేదు.

"తాడు నానే ఒగ్గీసినానమ్మా" అన్నాడు. తాడు తనే వదిలేశానని, ఇంటికొచ్చాక వాడి మొదటి మాట అది. "మావయ్య ఆ కొస పట్టుకుని అరుత్తన్నాడు. నానే ఒగ్గీసినాను."

పోయినవాడు ఆవిడ తమ్ముడు. ఆవిడ ఏమంటారోనని నేను దగ్గరికి జరిగాను. ఆ అరచేతుల్ని చాలాసేపు చూశారు. కొంగు తడిపి, ఉప్పు పలుకులు ఒక్కొక్కటే తుడిచారు.

"ఒగ్గీసినోడి సెయ్యి ఇలాగుంటాదేట్రా?"

వాడు చేప పొలుసులు అంటిన ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని, గుమ్మంలో ఉన్న మా ఆయన కూడా లేచి వచ్చి పక్కన కూలబడేంతగా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, లేచి, చేతులకి గుడ్డలు కట్టించుకుని కత్తి అడిగాడు. సరిగ్గా పట్టుకోలేక వంకరటింకరగా కోశాడు. నేను ఉప్పు రాశాను. గంప ఖాళీ అయ్యింది. అయ్యాక, "ఆకలేత్తంది వొదినా" అన్నాడు.

వాడి అరచేతుల్లో చర్మం నెల తిరక్కుండానే వచ్చేసింది. మళ్లీ బోటెక్కడానికి మాత్రం ఏళ్లు పట్టింది, మావయ్య పేరు నోటితో అనడానికి ఇంకా ఎక్కువే పట్టింది. కాలం ఒక్క మనిషి ఒంట్లోనే ఒక్కోచోట ఒక్కో నడక నడుస్తుందని, దాన్ని తొందరపెట్టే హక్కు మనకెవరికీ లేదని నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.