నీళ్ళు తగలని నాన్‌ఖటాయీలు

మా ఎదురింటి ఖాలమ్మ పోయింది. రంజాన్ ఉపవాసాలు చివరికొచ్చి, ఆ సాయంత్రం నెలవంక కనిపిస్తే రేపే పండుగ అని అందరూ అనుకుంటున్న రోజు, తెల్లవారకముందే పోయింది. ఉపవాసం పట్టే ముందు ఆమె లేచి వెలిగించే కందిలి ఆ రోజు వెలగలేదు. పాలు పోసే ఆమె వచ్చి తలుపు కొట్టి కొట్టి, చివరికి మా గడప దగ్గరికి వచ్చి, "మీ ఖాలమ్మ పలుకుత లేదు, జెర చూడుండ్రి" అంది. మా నాన్న వెళ్ళి గడియ ఊడదీసి చూశాడు. తిరిగి వచ్చి తలకు చుట్టిన తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అంతకంటే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మేము దానికి అమ్మను చేర్చుకున్నాం. సికింద్రాబాద్‌లో రెజిమెంటల్ బజార్ వెనక మాది చిన్న సందు. ఆ సందులో పెద్దా చిన్నా అందరికీ ఆమె ఖాలమ్మే. నల్లగొండ వైపు పుట్టిన మనిషి కాబట్టి మాటంతా తెలుగే. నమాజు ఉర్దూలో చదువుతున్నాననేది, మసీదు పెద్ద అది అరబీ అని చెప్పినా ఒప్పుకునేది కాదు. కోపం వచ్చినప్పుడు మాత్రం నిజంగానే ఉర్దూలోకి దిగేది.

ఆమె గురించి రాస్తానంటే, "రాయనీకి ఏమున్నది? పండుగొస్తె నాన్‌ఖటాయి చేసి పంచేది, గంతే గద" అంది మా అమ్మ. నిజమే. ఆమె చేసిందల్లా అదే.

మా ఇంట్లో చదువు నాతోనే మొదలు. నాన్న రైల్వే షెడ్డులో పని చేస్తాడు, వేలిముద్ర వేసి జీతం తీసుకుంటాడు. నేను పై తరగతులకు వెళ్ళేకొద్దీ ఇంట్లో నాతో మాటలు తగ్గాయి. నేను నోరు తెరిస్తే ఏదో తప్పు పడతానని అమ్మకు బెరుకు. నాతో తిరిగిన పిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. బడి నుంచి వచ్చి పుస్తకం పట్టుకుని నేను కూర్చునేది ఖాలమ్మ వంటింటి మెట్టు మీద. ఆమె నన్ను "చదువులమ్మా" అని పిలిచేది. "చదువులమ్మా, జెర బొగ్గులు ఊదు. నీ బుక్కుల నిప్పు రాజేసే పాఠం ఉన్నదో లేదో!"

ఆమె భర్త పటాలంలో వంటవాడు. నాకు ఊహ తెలియకముందే పోయాడు. గుడారాల దగ్గర భట్టీ లేకుండా రొట్టె కాల్చే ఉపాయం ఆయన దగ్గరే ఆమె నేర్చుకుంది. మీలో ఎవరికైనా పండుగకు ఈ నేతి బిస్కత్తులు చేసి పంచాలని ఉంటే ఇదేమంత కష్టం కాదు. వెడల్పు పళ్ళెంలో ఒక గిన్నె పేరిన నెయ్యి వేసి అరచేత్తో రుద్దాలి. పచ్చటి నెయ్యి తెల్లబడి, వెన్నలా ఉబ్బి, చేతికి చల్లగా తగిలేదాకా రుద్దాలి. తర్వాత ఒక గిన్నె చక్కెర పొడి, రెండు గిన్నెల మైదా, నాలుగు ఏలకులు దంచిన పొడి. ముద్ద దానంతటదే కలుస్తుంది. చిన్న ఉండలు చేసి, బొటనవేలితో నొక్కి, ఆ గుంటలో ఒక సారపప్పు గింజ పెట్టాలి. మందపాటి డేగిసాలో అడుగున ఇసుక పోసి, దాని మీద పళ్ళెం పెట్టి, రేకు మూత వేసి, బొగ్గుల మీదికెక్కించి, మూత మీద కూడా బొగ్గులు పరచాలి. "పైన నిప్పు, కింద నిప్పు, నడుమ ఓపిక" అనేది ఆమె. చూడటానికి మాటిమాటికీ మూత తీయకూడదు. వాసన గడప దాటిందంటే దించెయ్యాలి.

ఇందులో నీళ్ళు లేవని మీరు గమనించే ఉంటారు. పాలు లేవు, గుడ్డు లేదు. అది మా నాయనమ్మ కోసం, మా నాయనమ్మ వంటి వాళ్ళ కోసం. నీళ్ళు తగిలిన వంట వేరే కులం, మతం వాళ్ళ ఇంటి నుంచి రాకూడదు, నేతితో చేసింది రావచ్చు అని పాతకాలం లెక్క. ఖాలమ్మకు ఆ లెక్క మాకంటే బాగా తెలుసు. పిండి కలిపే రోజు నీళ్ళ బిందెను వంటింట్లోంచి బయట పెట్టేసేది. చెయ్యి కడిగితే ఆరేదాకా ఎండలో నిలబడేది. అయినా మా నాయనమ్మ ఊరుకునేది కాదు.

"చేతులకు చెమట పట్టదా? అది నీళ్ళు కాదా?"

"నా చెమట గంగతోటి సమానం అత్తా. ఒక్కటి తిని చూడు, కాశికి పోయినట్టే."

నాయనమ్మ నవ్వేది కానీ తినేది కాదు. పిల్లలను తిననిచ్చేది. తర్వాత పళ్ళెంలో చక్కెర వేసి నా చేతికి ఇచ్చి పంపేది. ఇచ్చిన వాళ్ళ పళ్ళెం ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేయాలి. మళ్ళీ పంపు, మళ్ళీ తీసుకుంటాం అని దాని అర్థం. ఈ మాట మా సందులో ఎవరూ ఎవరికీ చెప్పి నేర్పలేదు, అందరికీ తెలుసు.

తర్వాత రజాకార్ల రోజులు వచ్చాయి. మా మేనమామ నల్లగొండ జిల్లాలో ఇల్లు తగలబడితే కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చాడు. ఆ వెనకే పోలీసు చర్య. సందులో కొందరు జెండాలు కట్టారు. ఖాలమ్మ తలుపు మూసుకుంది. బీదర్ వైపు ఊళ్ళో ఉన్న ఆమె తమ్ముడి సంగతి ఆ తర్వాత ఎన్నడూ తెలియలేదు. ఉన్న ఒక్క కొడుకు కరాచీ వెళ్ళిపోతూ, రమ్మని తల్లి కాళ్ళా వేళ్ళా పడ్డాడు. ఆమె కదలలేదు. ఎందుకు పోలేదని నేను అడిగితే, పిచ్చి ప్రశ్న వేశానన్నట్టు చూసింది.

"ఆడ నాకు ఎవలు ఎర్క బిడ్డా? పండుగొస్తె నా పళ్ళెం ఎవలింటికి పోవాలె?"

ఆమె ఉండిపోయింది మా సందు కోసం. అందుకే ఆ తర్వాత వచ్చిన రంజాన్ పండుగ నాకు ఇంత బాగా గుర్తుంది.

అంతకుముందు పళ్ళాలు నాతో పంపేది. ఆ ఏడు ఎవరి చేతికీ ఇవ్వలేదు. "ఎవలన్న ఒక మాటంటె నేను పడ్త, నువ్వెందుకు?" అని తానే బయలుదేరింది. మొదట మా ఇంటికే వచ్చి గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని గడప బయట నిలబడింది. మామయ్య అరుగు మీద ఉన్నాడు.

"అది లోపలికి రావద్దు," అన్నాడు.

నాయనమ్మ లోపలి నుంచి వచ్చింది. "ఏంటికి రావద్దు?"

"మా ఇల్లు ఎవలు కాలవెట్టిన్రో నీకు ఎర్క లేదా అత్తా?"

"ఎర్కే. ఈమె కాలవెట్టిందా?"

మామయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఖాలమ్మ నేల చూపులు చూస్తూ నిలబడింది. నాయనమ్మ ఆమె వైపు తిరిగి, ఏ ఏడైనా అడిగినట్టే అడిగింది.

"నీళ్ళు తగిలినయా?"

"చుక్క సుత తగల్లే అత్తా."

"నీళ్ళు తగలందానికి దోసం లేదు. మా అత్త చెప్పిన మాట. ఆమెకంటె ఎక్కువ తెలిసినోనివా నువ్వు?" అని మామయ్యను అడిగి, నాయనమ్మ గుడ్డ తీసి ఒకటి నోట్లో వేసుకుంది. ఆమె తినడం నేను చూడటం అదే మొదటిసారి. పళ్ళు లేని నోట్లో అది కరిగేదాకా ముగ్గురం చూస్తూనే ఉన్నాం.

"ఈపాలి జెర గట్టిగైనయ్," అంది.

"అవి గట్టిగ కాలే అత్తా, నీ చిగుళ్ళు మెత్తగైనయ్," అంది ఖాలమ్మ. ఆ మాటతో ఇద్దరూ నవ్వారు. మామయ్య లేచి చెప్పులేసుకుని బజారుకు వెళ్ళిపోయాడు. ఆయన దుఃఖం ఆయనది, ఆయన్ని నేను తప్పు పట్టను. నాయనమ్మ చిటికెడు కాదు, పిడికెడు చక్కెర వేసి పళ్ళెం తిరిగి ఇచ్చింది.

ఆ పండుగకు చక్కెరతో తిరిగి వెళ్ళింది ఆ ఒక్క పళ్ళెమే. మిగతా ఇళ్ళ వాళ్ళు వద్దనలేదు, తీసుకున్నారు. సాయంత్రానికి పళ్ళాలు శుభ్రంగా తోమి పంపారు. మూలన కిరాణా దుకాణం నడిపే ఆమెను మేమంతా అత్తమ్మ అంటాం. ఎప్పుడూ చక్కెరతో పాటు కలకండ కూడా వేసి పంపే మనిషి. ఆమె పళ్ళెం కూడా తళతళలాడుతూ ఖాళీగా వచ్చింది. ఖాలమ్మ వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"నిండు పళ్ళాలైతె గిట్ల పెట్టరాదు బిడ్డా. ఖాళీయి మంచిగ కూసుంటయ్. జాగ తక్కువ పడ్తది."

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆమె అందరికీ పంపింది, ప్రతి ఏడూ పళ్ళాలు అలాగే వచ్చాయి. నాయనమ్మ పోయాక మా అమ్మ చక్కెర వేసేది. ఒకసారి ఉండబట్టలేక, "చక్కెర వెయ్యని వాళ్ళకు ఎందుకు పంపుతావు?" అని అడిగాను.

"తీసుకుంటున్నరు గద. చెయ్యి చాపుతున్నరు. ఇయ్యేడు కాకుంటె మల్లేడు ఏస్తరు."

మల్లేడు, మల్లేడు అంటూనే ఉంది. ఇంటి పని చేసుకుంటూ తనలో తాను మాట్లాడుకోవడం ఈ మధ్య ఎక్కువైంది. పలకరించడానికి వెళితే ఎవరో ఉన్నారనుకునేదాన్ని. లోపల చూస్తే డేగిసాలో ఇసుక జల్లెడ పడుతూ ఆమె ఒక్కతే.

పోయిన రోజు మసీదు వాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు కొందరు వచ్చి స్నానం చేయించారు. నేను చేయగలిగిందేమీ లేక వంటింట్లోకి వెళ్ళాను. ముందు రాత్రి చేసిన నాన్‌ఖటాయీలు చాప మీద తెల్లగుడ్డ పరిచి ఆరబెట్టి ఉన్నాయి. పక్కన సందులోని ఇళ్ళన్నిటికీ పళ్ళాలు తోమి బోర్లించి ఉన్నాయి. నీళ్ళ బిందె వంటింటి బయటే ఉంది. డేగిసాలో చెయ్యి పెట్టాను. అడుగున ఇసుక ఇంకా కొద్దిగా వెచ్చగా ఉంది.

ఆమెను తీసుకుపోయాక మసీదు పెద్ద ఇంటికి తాళం వేస్తానన్నాడు. కొంచెం ఆగమని పళ్ళాలు నింపాను. అమ్మ వద్దంది, "చావింటియి ఎవలు తీసుకుంటరే?" అంది. నాకూ భయంగానే ఉంది. అయినా కట్టుకున్న చీరతోనే బయలుదేరాను. ఇంత కాలం ఆమె ఒక్కతే ఎలా నడిచిందో ఆ సందు పొడవునా నాకు తెలిసింది.

దుకాణం అత్తమ్మ గడపలో నిలబడి చూసింది. "చావింటియి గద బిడ్డా."

"నీళ్ళు తగల్లే అత్తమ్మా," అన్నాను.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, పళ్ళెం అందుకుని, లోపలికి వెళ్ళిపోయింది. మిగతా గడపల దగ్గరా అదే మాట చెప్పాను.

ఆ సాయంత్రం నెలవంక కనిపించింది. మర్నాడు తలుపు తీసి ఎదురింటి వైపు చూడకుండా ఉందామనుకున్నాను, కానీ అలవాటు చూపును అటే తిప్పింది. పళ్ళాలు తిరిగి ఇవ్వడానికి మనిషి లేదు కాబట్టి ఎవరికి వాళ్ళు తెచ్చి ఆమె అరుగు మీద పెట్టి వెళ్ళారు. ఒకటి రెండు ఎప్పట్లాగే ఖాళీగా ఉన్నాయి. మిగతా వాటిలో చక్కెర ఉంది. ఒకదాంట్లో బెల్లం ముక్క. దుకాణం అత్తమ్మ పళ్ళెంలో చక్కెర మీద కలకండ.

ఒకదాని మీద ఒకటి పేర్చడానికి లేదు. అరుగు పొడవునా పరుచుకుని ఉన్నాయి. అప్పటికే చీమలు పట్టాయి. చక్కెర పలుకులు నోట కరుచుకుని, బారులు తీరి, తాళం వేసిన తలుపు కింది సందులోంచి లోపలికి మోసుకుపోతున్నాయి.