ముడ్డిపూస నొప్పితో గాజువాక నుంచి వన్ టౌన్‌కు

తొంభైల చివర్లో ఒక శనివారం ఉదయం ఏడున్నరకు గాజువాక బస్టాపులో నిలబడ్డాను. కూర్చోవడానికి బల్ల ఖాళీగానే ఉంది. కొన్ని నెలలుగా, వెన్నెముక ముగిసే చోట, కూర్చుంటే మేకు గుచ్చినట్టు ఉండేది. లేవబోతే అదే మేకును ఎవరో పీకినట్టు ఉండేది.

నేను ఉక్కు కర్మాగారంలో ఓవర్‌హెడ్ క్రేన్ నడుపుతాను. షెడ్డు కప్పు కింద పట్టాల మీద కదిలే క్రేన్‌కు వేలాడే చిన్న క్యాబిన్ నా చోటు. సోమవారం వైద్య పరీక్ష ఉంది. నడుం బాగాలేదని రాస్తే క్రేన్ నుంచి దింపి స్టోరులో కూర్చోబెడతారు. నాకు ఆ క్యాబిన్ వదలాలని లేదు. అందుకే ముందుగా వన్ టౌన్‌లో ఒక ఎముకల డాక్టరుకు చూపించుకుందామని బయల్దేరాను. వెంట అప్పన్న వచ్చాడు. కింద నిలబడి చేతి సైగలతో నాకు సిగ్నల్ ఇచ్చేది అతనే. నేను దిగిపోతే అతను కొత్తవాడితో మొదటి నుంచి అలవాటు పడాలి.

నేను పదో తరగతితో ఆగినా, గ్రంథాలయంలో వైద్యం బీరువా మొత్తం పూర్తి చేశాను. నడుం పూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి. వాటినే డిస్కులంటారు. అందులో ఒకటి జారిందనీ, అందుకు క్రేన్ సీటే కారణమనీ తేల్చుకున్నాను.

ఎనిమిదికి పాత పోస్టాఫీసు బస్సు వచ్చింది. సగం సీట్లు ఖాళీ. చిక్కు అక్కడే వచ్చింది.

"అన్ని సీట్లుంటే నిలబడతారేటండీ? కూకోండి," అన్నాడు కండక్టరు.

"కూకోలేడు బావా. ముడ్డిపూస నొప్పి," అన్నాడు అప్పన్న, బస్సంతా వినేటట్టు.

ఆ తర్వాత ప్రయాణం విసుగు లేకుండా సాగింది. మల్కాపురంలో ఎక్కిన పెద్దాయన ఆముదం వెచ్చచేసి రాయమన్నాడు. చేపల తట్ట పక్కన పెట్టుకున్న ఒకావిడ, "ఇటిక ఏడి సేసి, గుడ్డలో సుట్టి కాపడం ఎట్టు నాయినా. మా ఆయనకి తగ్గింది," అంది. ఇది డిస్కు జబ్బనీ, ఇటుకకు లొంగదనీ ఆవిడకు వివరంగా చెప్పాను. సింధియా దాటేసరికి బస్సులో అందరికీ డిస్కు అంటే తెలిసింది.

పాత పోస్టాఫీసు దగ్గర దిగి, ఇడ్లీ నిలబడే తిని, సందుల్లో నడుచుకుంటూ తొమ్మిదిన్నరకు డాక్టరు ఇల్లు చేరాం. ముందు గదిలో బల్లలున్నాయి. నిలబడి ఉండడంతో ఇద్దరు నన్ను కాంపౌండరనుకుని తమ చీటీలు చేతికిచ్చారు. లోపలికి అందించాను.

మా వంతు పదకొండుకు వచ్చింది. డాక్టరు తల నెరిసిన మనిషి.

"ఏమిటి బాధ?"

"డిస్కు జారిందండి. నాలుగు, ఐదు పూసల మధ్య."

"అది నేను చెప్తాను. బాధేమిటో మీరు చెప్పండి."

చెప్పాను. నొప్పి కాలిలోకి పాకుతుందా, తిమ్మిరి ఉందా, కింద పడ్డారా, జ్వరం, బరువు తగ్గడం, ఒంటికీ రెంటికీ ఇబ్బంది ఏమైనా ఉన్నాయా అని అడిగారు. ఏవీ లేవు. ముందుకు వంగమన్నారు. వంగాను, నొప్పి లేదు. తర్వాత వెన్ను చివర వేలితో నొక్కారు. నేను అప్పన్న భుజం పట్టుకున్నాను.

"డ్యూటీలో ఎలా ఉంటుంది?"

ఆలోచించాను. క్రేన్ మీద నొప్పిపడ్డ రోజు ఒక్కటీ గుర్తు రాలేదు. అదే చెప్పాను.

"ఇదేటి బావా! క్రేనే సంపేత్తందని ఇంటింటికీ సెప్పినావు కదా!" అన్నాడు అప్పన్న.

"క్రేన్ మీద ఎలా కూర్చుంటారో చూపించండి," అన్నారు డాక్టరు. స్టూలు అంచున కూర్చుని, రెండు చేతులు లీవర్ల మీద ఉన్నట్టు పెట్టి, కింద కొక్కెం చూడ్డానికి ముందుకు వంగాను. హాయిగా ఉంది.

"ఇంట్లో?"

అంతకుముందు ఏడాది చదువుకోవడానికి పడక్కుర్చీ కొన్నాను. అందులో కూర్చున్నట్టే స్టూలు వెనక గోడకు జారబడ్డాను. అరిచాను. నొప్పి మొదలయ్యాక, నొప్పి గురించి చదవడానికి సాయంత్రాలన్నీ ఆ కుర్చీలోనే గడిపాను.

ముందుకు వంగితే బరువు పిర్రల ఎముకల మీద పడుతుందనీ, జారబడితే వెన్ను చివరి తోక ఎముక మీద పడుతుందనీ చెప్పారు. అక్కడే తీసిన ఎక్స్‌రేలో ఎముక విరిగిన జాడేమీ లేదు. మెత్త వాడమన్నారు, అదీ వెనక భాగం కోసినది. మధ్యలో చిల్లుండే గుండ్రటి గాలి ట్యూబు కొందరికి పనికిరాదట. పొద్దునా సాయంత్రం గోరువెచ్చని నీళ్ళ తొట్టెలో కూర్చోవాలి, మలబద్ధకం రానివ్వకూడదు, అన్నం తిన్నాక నాలుగు రోజులు మాత్రలు. తగ్గకపోతే ఇంజెక్షన్. ఆపరేషన్ చాలా అరుదు. కాళ్ళు బలహీనపడినా, మూత్రం పట్టు తప్పినా వెంటనే రమ్మన్నారు.

"క్రేన్ దిగిపోవాలాండీ?" అన్నాను.

"దిగితే ఎక్కడ కూర్చోబెడతారు?"

"స్టోరులో. కుర్చీలో."

"అయితే క్రేనే మేలు," అని, అదే కాగితం మీద రాసిచ్చారు. అప్పన్న ఆయనకు రెండుసార్లు దండం పెట్టాడు.

ఒంటిగంటకు పూర్ణా మార్కెట్‌లో పరుపుల కొట్టుకు వెళ్ళాం. ఫోమ్ ముక్కకు వెనకవైపు గాడి కోయమంటే కొట్టతను నన్నూ ఫోమునూ మార్చి మార్చి చూసి, "కొలత ఇక్కడే ఇత్తారా?" అన్నాడు. ఇచ్చాను.

ఈ దారిన వెళ్ళదలచినవారికి ఒక మాట: డాక్టరు దగ్గరకు జబ్బు పేరు పట్టుకెళ్ళవద్దు. మీరు ఎలా కూర్చుంటారో గుర్తుపెట్టుకుని వెళ్ళండి. బీరువాలోని పుస్తకాల్లో అబద్ధం లేదు. వాటిని ఎలా కూర్చుని చదవాలో మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

రెండున్నరకు తిరుగు బస్సు ఎక్కాం. మెత్తను కిటికీ పక్క సీటులో పెట్టి, దాని ముందు నిలబడి కాసేపు చూశాను. కూర్చోవాలంటే భయమేసింది.

అప్పన్న నా ఎదుట నిలబడ్డాడు. షెడ్డులో కరిగిన ఉక్కు బకెట్టు దించేటప్పుడు ఇచ్చే సిగ్నలే ఇచ్చాడు. అరచెయ్యి కిందికి తిప్పి, నెమ్మదిగా ఊపాడు. నేను రెండు చేతులతో ముందు సీటు కమ్మీ పట్టుకుని దిగాను. ఇంకా ఊపాడు. ఇంకా దిగాను. అప్పుడు పిడికిలి బిగించాడు.

ఆగాను. అప్పటికే మెత్త మీద కూర్చుని ఉన్నాను.