టీబీ తగ్గాక వండిన దసరా కూర

ఇన్నేళ్లూ ఇది రాయలేదు, ఎందుకంటే నాకు రాయడం వచ్చేది కాదు. ముసలితనం మొదలయ్యాక వయోజన విద్య బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందే ఎవరితోనైనా రాయించి ఉండొచ్చు. కానీ రాసిపెట్టేవాళ్లు మా ఆడబిడ్డ కనకవ్వ అన్న మాటలను మెత్తబరుస్తారు. నాకది ఇష్టం లేదు.

మాది గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల లైను. నా భర్త మల్లయ్య బాయిలో, అంటే గనిలో, బొగ్గు కొట్టేవాడు. కనకవ్వ ఆయన అక్క. మాకు నాలుగిళ్ల అవతల ఉండేది. ఒకరోజు వాకిట్లో బొగ్గుల పొయ్యి రాజేస్తుంటే దగ్గు తెర ఆగలేదు. కొంగు మీద ఎర్రటి మరక పడింది. నేను చాన్నాళ్లుగా దగ్గుతూనే ఉన్నాను. పొయ్యి పొగకు దగ్గని ఆడమనిషి మా లైనులో లేదు గనుక ఎవరమూ పట్టించుకోలేదు.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు. "టీబీ. స్పూటమ్ పాజిటివ్, అంటే కఫంలో క్రిములున్నయ్. స్ట్రెప్టోమైసిన్ సూదులు, మాత్రలు ఆపకుండా వాడాలి" అన్నాడు డాక్టరు.

ఆ రోజే కనకవ్వ నన్ను వంటింట్లోంచి బయటికి పంపింది. "పొయ్యి కాడికి రాకు. మా తమ్మున్ని సంపుతవా?"

కొన్ని నెలలకు ఒళ్లు కాస్త తేరింది. "బాగనే బలిసినవ్ గదనే. ఇంకెన్ని సూదులు?" అని ఆమె నన్ను వరికోతలకు తన అత్తగారి ఊరికి తోలింది. అక్కడ మందుల్లేవు. మళ్లీ రక్తం పడింది. ఈసారి టీబీ వార్డులో చేర్చారు. "నడుమ ఆపితే జబ్బు ముదురుతది. ఎవరు ఆపమన్నరు?" అని డాక్టరు కోప్పడ్డాడు.

ఒకరోజు మా పక్కింటి హలీమక్క చూడ్డానికి వచ్చింది.

"మీ ఆడబిడ్డ కాసిపేటకు పోయింది, పిల్లను సూడనీకి. మల్లన్నకు రెండో పెండ్లంట."

"ఆయనేమన్నడు?"

"తినే బువ్వ ఇడిసి లేచిండు. నువ్వు ఫికర్ జెయ్యకు. జల్ది లేచి రా."

అప్పట్నుంచి ఒక్క మాత్ర వదల్లేదు. వాంతి చేసుకుని మళ్లీ మింగాను. బతకాలనే ఆశ కన్నా ఆమె ఎదుట నిలబడాలనే పంతమే ఎక్కువ. చివరికి డాక్టరు నవ్వాడు: "స్పూటమ్ నెగెటివ్. నీ నుంచి ఎవ్వరికీ అంటదు. వండుకో, అందరితోని తిను."

ఇప్పుడు ఎత్తు ఎక్కితే కాస్త ఆయాసం తప్ప బాగానే ఉన్నాను. మీకు చెప్పేది ఒక్కటే: ఒళ్లు బాగైందనిపించినప్పుడు మందు మానకండి. మానొచ్చో లేదో డాక్టరునే అడగండి, ఇంటివాళ్లను కాదు.

అప్పుడు వార్డు నుంచి ఇంటికొచ్చాక మొదటి పండుగ దసరా. బాయికి సెలవు. మల్లయ్య మాంసం, అందులోకి పుంటికూర (మీరు గోంగూర అంటారే, అదే) తెచ్చాడు. నా చేతుల్లో సత్తువ లేదని మసాలా ఆయనే నూరాడు.

"ఓ మల్లన్నా, నీకు రోలు కాడ డ్యూటీ ఏసిన్రా?" గోడ అవతల నుంచి హలీమక్క నవ్వింది.

ఉప్పు చూడమంటే ఆయన నా వేళ్లు పట్టుకునే గరిటె నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"సరిపోయిందా?"

"తెలుస్తలేదు. ఇంకోపారి పెట్టు."

ఆ వంటలో ఆయన మీద ప్రేమ ఉంది. కనకవ్వ మీద పగా ఉంది. ఆమెను, హలీమక్కను భోజనానికి పిలిచింది నేనే.

సాయంత్రం జమ్మి ఆకు ఇచ్చి కాళ్లు మొక్కబోతే కనకవ్వ చేయి కొంగులో దాచుకుంది. "అరుగు మీద పెట్టు" అంది. లోపలికొచ్చి, "నేను తినే వచ్చిన" అని గోడకు ఆనుకుని కూర్చుంది. నేను బతిమాలలేదు.

"వదినా, కాసిపేట పిల్ల పుంటికూర మంచిగ వండుతదా?" అని అందరి ముందూ అడిగాను.

ఆమె ముఖం మాడిపోయింది. మా ఇళ్లలో మగవాళ్లు, పెద్దవాళ్లు తిన్నాకే ఆడది తినాలి. మల్లయ్య తన కంచం నా వైపు జరిపాడు.

"కూసో. నాతోనే తిను."

"అక్క ముంగటనా?"

"అక్క ముంగటనే."

ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. "సిగ్గు శరం లేదు" అంటూ కనకవ్వ లేచిపోయింది. నేను ఆపలేదు. ఆమె వాకిలి దాటేదాకా కూరలోని మూలుగ బొక్కను, అంటే ఎముకను, చప్పుడొచ్చేలా పీల్చాను.

మర్నాడు పొద్దున మిగిలిన కూర వేడిచేసి, లైనులో ఇంటింటికీ కొంచెం కొంచెం పంచుతూ వచ్చాను. కనకవ్వ తన గడపలో కూర్చుని పండ్లు తోముకుంటోంది. ఆమె ముందు నుంచే, గిన్నె మీద మూత లేకుండా, మెల్లగా నడుచుకుంటూ పక్కింటికి వెళ్లాను.